పరదా ఒకటి కట్టండి, మమ్మల్ని లోపలికి రానివ్వండి

"మొగవాడికి పురిటి గదిలో ఏం పని?"

ఈ మాట మేము ముళబాగిల్లో విన్నాం, గుడియాత్తంలో విన్నాం, రాయవేలూరు ఆస్పత్రి మెట్ల మీదా విన్నాం. మూడు ఊర్లు, మూడు భాషలు, మాట మాత్రం ఒక్కటే. దానికి జవాబు రాయాలని పాప పుట్టినప్పటి నుంచి అనుకుంటున్నాం. ఇప్పుడు పాపకు ఐదో నెల. రాత్రిపూట కాస్త నిద్ర పోతోంది, మా చేతులు ఖాళీ అయినాయి.

ఈ పేజీకి వచ్చేవాళ్ళు మగ్గాల కథలు, వైకాశిలో గంగమ్మ శిరసు ఊరేగే తిరునాళ్ళ ఫోటోలు చూడ్డానికి వస్తారని తెలుసు. పురుడు కూడా మనకు పెద్దవాళ్ళు ఇచ్చిపోయిందే. అందులో ఏం ఉంచుకున్నాం, ఏం పారేసుకున్నాం అని లెక్క చూసుకోవాలి గదా.

మా అవ్వ చెప్పిన పురుడు ఇట్లా ఉండేది. ఇంటి వెనక గది. మంత్రసాని ఒకరు. కన్నతల్లి పక్కనే. పిన్నమ్మో పెద్దమ్మో వెనక కూర్చుని రెండు చంకల కింద చేతులు వేసి పట్టుకునేది. ఎదురింటామె నీళ్ళు కాచేది. మొగవాళ్ళు బయట అరుగు మీద. ఆ కాలం మళ్ళీ రావాలని మేము అనడం లేదు. ఆ గదుల్లో పోయిన తల్లులు, బిడ్డలు ఎందరో మన ఇళ్ళలోనే వేలు మడిచి చెప్తారు. మేము అనేది ఒక్కటే: ఆ గదిలో ఆడమనిషి ఒంటరిగా మాత్రం ఉండేది కాదు. ఆచారంలో అసలు సంగతి అది. ఆస్పత్రికి మారినప్పుడు మంత్రసాని పోయింది, మంచిదే. తల్లి పోయింది, పిన్నమ్మ పోయింది, చేయి పట్టుకునే మనిషే లేకుండా పోయింది. ఇంత పోయాక మిగిలింది ఏమిటయ్యా అంటే, "మొగవాడు బయట" అన్న ముక్క ఒకటి. దాన్ని పట్టుకుని సంప్రదాయం అంటున్నారు.

మన వేలూరులో ఈ మాట అనడం ఇంకా విడ్డూరం. ఐడా స్కడర్ కథ ఈ జిల్లాలో తెలియనివాళ్ళు ఉండరు. 1870లో రాణిపేటలో పుట్టిన అమెరికా మిషనరీల బిడ్డ. 1890లలో తిండివనంలో ఉండగా ఒకే రాత్రి ముగ్గురు మొగవాళ్ళు వచ్చి, భార్య కాన్పు కష్టమైంది, రమ్మని ఆమెను పిలిచారు. నేను డాక్టర్ని కాను, మా నాయన డాక్టరు, ఆయన్ని పిలుచుకుపొండి అంది. పరాయి మొగవాడు మా ఆడవాళ్ళను చూడకూడదు అని ముగ్గురూ వెనక్కి పోయారు. తెల్లారేసరికి ముగ్గురు భార్యలూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి డాక్టరు చదివి, 1900లో తిరిగొచ్చింది. 1902లో వేలూరులో ఆడవాళ్ళ కోసం షెల్ ఆస్పత్రి లేచింది, 1918లో ఆడపిల్లలకు వైద్యం నేర్పే బడి వచ్చింది. ఈరోజు దేశమంతా సీఎంసీ అని చెప్పుకునేది అదే.

ఆ ముగ్గురు భర్తలూ చెడ్డవాళ్ళు అని మేము అనుకోవడం లేదు. రాత్రిపూట పరుగెత్తుకుంటూ వచ్చినవాళ్ళు. కానీ మర్యాద అనే మాట భార్య ప్రాణం కంటే ముందుకొచ్చి నిలబడింది. ఇప్పుడు మగ డాక్టరు లోపలికి పోవచ్చు, మత్తు డాక్టరు పోవచ్చు, ఎవరికీ మర్యాద అడ్డం రావడం లేదు. కట్టుకున్నవాడు వస్తానంటేనే అడ్డం వస్తుంది.

ఇక మా సంగతి. మాలో ఒకరం లోపల, ఒకరం బయట ఉన్నాం గనక రెండు వైపులా చూశాం. మాలో లోపల ఉన్నవారిది ముళబాగిలు పక్క పల్లె. ఇద్దరం కన్నడ బడిలో చదివినవాళ్ళమే, తెలుగు ఇంట్లో మాట. పెళ్ళయ్యాక గుడియాత్తం వచ్చి నేర్చుకున్నది బజారు తమిళం: ఎంత, వద్దు, తగ్గించు. పురిటి గది తమిళం వేరే ఉంటుంది.

తెల్లవారి 4 గంటలకు ఇంట్లోనే ఉమ్మనీరు పోవడం మొదలైంది. వేలూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి చేరాం. ఒకరిని లోపలికి తోసుకుపోయారు, ఒకరిని అడ్వాన్సు కట్టమని కౌంటరుకు పంపారు. లోపల నర్సు అడిగింది, "పనిక్కుడం ఒడంజిడుచ్చా?" పని అంటే తమిళంలో మంచు, కుడం అంటే కుండ, ఉమ్మనీటి సంచికి ఎంత చక్కటి పేరో! కానీ తెలుగు చెవికి పని అంటే పనే. "తెలీదు" అని జవాబు. అది తమిళంలోనూ ఇంచుమించు అదే మాట గనక వాళ్ళకు బాగానే అర్థమయింది. మధ్యాహ్నం 1కి నీరు బాగా పోయింది. కాగితంలో 1 గంట అని రాసుకున్నారు. నీరు పోయి 18 గంటలు దాటితే తల్లికీ బిడ్డకీ ఇన్ఫెక్షన్ భయం అని మందు మొదలుపెడతారు. అంటే గడియారం 9 గంటలు వెనక నడుస్తోంది, లోపల ఎవరికీ తెలియదు, తెలిసినవాడు బయట ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు.

సాయంత్రం సంతకానికి పిలిచినప్పుడు బయట ఉన్నవారి కంటికి ఆ కాగితం పడింది. టెస్టింగ్ ఉద్యోగం కదా, ఎక్కడ కాగితం కనిపించినా తప్పు వెతికే అలవాటు. "1 కాదండీ, తెల్లవారి 4" అన్నాక డాక్టరమ్మ ముఖం మారింది, వెంటనే మందు ఎక్కించారు. రాత్రి 11 దాటాక పాప పుట్టింది, మామూలు కాన్పే, ఇద్దరూ బాగున్నారు. మేము అడిగేది: ఆ రోజు సంతకం అవసరం పడకపోయి ఉంటే?

చివర్లో ఇంకొకటి. "ముక్కుమ్మా, ముక్కు" అని నర్సు అరుస్తోంది. కన్నడంలో ముక్కు అంటే గబగబా తినడం. తెలుగులో ముఖం మీద ఉండేది. అందుకని ముక్కుతో గాలి పీలుస్తూ కూర్చున్నాం! ముక్కుతూ మూలుగుతూ అని మనకూ ఉంది, నిజమే, ఆ నొప్పిలో ఆ మాట ఎవరికి గుర్తొస్తుంది? పక్కన మన భాష మనిషి ఒకరుంటే అర నిమిషం పని. ఇప్పుడు చెప్పుకుని నవ్వుతున్నాం గానీ, ఆ రాత్రి మమ్మల్ని మొద్దు అని తిట్టారు.

రూల్ ఒప్పదు అంటారు. ఏ రూల్? తమిళనాడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు తోడుగా ఒక ఆడమనిషిని ఉంచే పద్ధతి 2004 నుంచే ఉంది. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని ప్రభుత్వ ఆస్పత్రులకూ తోడు ఉండొచ్చు అని చెప్పింది. మిగతా ఆడవాళ్ళకు చాటు ఉండే చోట భర్తే తోడుగా ఉండొచ్చు అని కూడా చెప్పింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తోడు ఎవరో కనే తల్లే ఎంచుకోవాలి అంది. ధర్మాస్పత్రికి ఉన్న మాట, లక్ష రూపాయలు కట్టించుకునే చోట ఎందుకు లేదు?

మొగవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతారట. కుర్చీ వేయండి. పురిటి మైల అంటారా, పుట్టగానే బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఫోటో దిగేటప్పుడు ఆ మైల ఎక్కడికి పోతుంది? పక్క మంచం ఆడవాళ్ళ చాటు అన్నది ఒక్కటే న్యాయమైన మాట. దానికి మేము తల వంచుతాం. కానీ దాని మందు పరదా, గెంటివేత కాదు.

తోడు ఉంటే కాన్పు త్వరగా అవుతుందని, కోతలు తగ్గుతాయని ఎన్నో దేశాల పరిశోధనలు కలిపి చూసి చెప్పారు. మన దగ్గర కోతల లెక్క చూడండి: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడు నూటికి 44.9, ఆంధ్ర 42.4, తెలంగాణ 60.7. దేశం మొత్తం మీద 21.5. ముహూర్తం పెట్టి కోయించుకునేవాళ్ళ గురించి ఇంకోసారి రాస్తాం, అది వేరే కోపం.

హొసూరులో, బళ్ళారిలో, కోయంబత్తూరులో, ఎక్కడెక్కడో ఉన్న మన ఇళ్ళవాళ్ళకు చెప్పేది ఇది. సీమంతానికి మంటపం మూడు నెలల ముందే మాట్లాడుకుంటారు. గాజులకు ఒకరు, ఫోటోలకు ఒకరు. అదే ఏడో నెలలో ఆస్పత్రికి పోయి రెండు ప్రశ్నలు అడగండి: లోపల తోడు ఎవరిని ఉంచుతారు? మా భాష తెలిసినవాళ్ళు రాత్రి డ్యూటీలో ఉంటారా? నోటి మాట కాదు, ఫైల్లో రాయించండి. కుదరదంటే ఇంకో ఆస్పత్రి చూసుకోండి, అప్పటికి టైము ఉంటుంది. అత్తగార్లు, పిన్నమ్మలు, మీరే ముందు అడగాలి. అల్లుడు అడిగితే నవ్వుతారు, మీరు అడిగితే నవ్వరు. లోపలికి కొడుకు పోవాలా తల్లి పోవాలా అని ఇంట్లో తగువు వస్తే, కనేదాన్ని అడగండి.

మేము ఆ ఆస్పత్రికి ఉత్తరం రాశాం. తిట్టలేదు. ఉమ్మనీటి గడియారం సంగతి, తారీకులతో సహా రాశాం. పురిటి గదిలో మంచాల మధ్య పరదాలకు బట్ట, కుట్టుకూలి మేమే పెట్టుకుంటాం, గుడియాత్తంలో బట్టకేం కరువు, మంచాల కొలతలు పంపండి అని కింద రాశాం. ఉత్తరం అందినట్టు సంతకం వచ్చింది. కొలతలు ఇంకా రాలేదు.