అన్నిటికీ రీడ్‌రైట్‌మెనీ ఎందుకు బాస్?

కుబర్నెటీస్‌లో ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు స్టోరేజ్ మోడ్ అడిగితే చాలామంది కళ్లు మూసుకుని రీడ్‌రైట్‌మెనీ కొట్టేస్తారు. అన్ని నోడ్‌ల నుంచీ రాయొచ్చు, సేఫ్ అని. నా దృష్టిలో అది బద్ధకం.

నేనూ చేశా లెండి. ఇంట్లో రెండు రాస్ప్‌బెర్రీ పైల మీద ఒక ఆటోమేషన్ టూల్ పెట్టి, దాని ఎస్‌క్యూఎల్‌లైట్ ఫైల్‌ని ఎన్ఎఫ్ఎస్ షేర్‌లో పడేశా. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌ల మీద లాకింగ్‌ని నమ్మొద్దని ఎస్‌క్యూఎల్‌లైట్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. చదివితేగా! వారం తిరక్కుండానే ఫైల్ కరప్ట్ అయింది.

డేటాబేస్‌కైనా మెసేజ్ క్యూకైనా బ్లాక్ స్టోరేజ్, రీడ్‌రైట్‌వన్స్ చాలు. ఐబీఎం ఎంక్యూనే చూడండి: నేటివ్ హెచ్ఏలో మూడు కాపీలు నడుస్తాయి, దేని వాల్యూమ్ దానిదే. షేర్డ్ ఫైల్ స్టోరేజ్ కావాల్సింది పాత మల్టీ-ఇన్‌స్టన్స్ పద్ధతికే.

ఒక తిరకాసు ఉంది. రీడ్‌రైట్‌వన్స్ అంటే ఒక్క పాడ్ కాదు, ఒక్క నోడ్. అదే నోడ్‌లో ఇంకో పాడ్ కూడా రాసేయగలదు. ఒక్క పాడే రాయాలంటే రీడ్‌రైట్‌వన్స్‌పాడ్ ఉంది, 1.29 నుంచి స్టేబుల్.

చాలా పాడ్‌లు ఒకే ఫోల్డర్‌లో ఫైళ్లు పంచుకోవాలా? అప్పుడు రీడ్‌రైట్‌మెనీ తీసుకోండి, తప్పులేదు. కానీ ముందే తేల్చుకోండి. క్లెయిమ్ కట్టాక మోడ్ మార్చడం కుదరదు, కొత్తది చేయాల్సిందే, చాలాసార్లు డేటా కూడా మోసుకెళ్లాల్సి వస్తుంది. నాకు ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది.