చెరువు అడుగు మాట

2020 అక్టోబరు వరదలో గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగి, బెంగుళూరు రహదారిపై ప్రాణములను బలిగొన్నది. వరద తీసినది. దానితో కదలిన ఒండ్రు ఏ పొలమున చేరినదో, ఏమి మోసికొని పోయినదో విచారింపవలదా?

డి.డి.టి. నీట సులభముగా కరగదు. బురదను అంటిపెట్టుకొని ఏండ్ల తరబడి నిలుచును. బురదలోని పురుగును చేప, చేపను కొంగ తినగా, మెట్టుమెట్టునకు విషము చిక్కబడును. సేద్యమున దాని వాడుకను మన దేశము 1989లోనే నిషేధించినది. చట్టము సీసాకు మూత వేయగలదు గాని, చెరువు అడుగున పేరుకొన్నదానిని తోడివేయలేదు.

పూడికమట్టిని పొలమునకు తోలుట మన పెద్దల తెలివి. ఆ తెలివి నిలువవలెనన్న, నీటితోపాటు మట్టిని కూడ పరీక్షించిన పిమ్మటనే తోలవలెను. అధికారులు ఆ ఫలితములను ఊరి బడిగోడపై వ్రాయింపవలెను. తేటనీరు కనిపించినంత మాత్రమున చెరువు నిర్మలము కాదని ఉపాధ్యాయులు పిల్లలకు అక్కడనే చూపగలరు.