హారతులకు కరువు లేదు, అంకెలకే కరువు

సోమల మండలం ఆవులపల్లిలో రిజర్వాయర్ కడతామన్నారు. నీళ్లొస్తాయంటే సీమలో ఎవరు వద్దంటారు? అయినా రైతులే జాతీయ హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కారు. ఒకే పథకాన్ని ముక్కలు చేసి చూపి, మోసంతో పర్యావరణ అనుమతి తెచ్చుకున్నారంటూ 2023 మేలో ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేసింది. 100 కోట్ల జరిమానా వేసింది. సుప్రీంకోర్టు ఆ జరిమానాపై స్టే ఇచ్చింది, అదీ 25 కోట్లు కట్టాలన్న షరతుతో.

కోర్టుకెళ్లిన రైతుల్ని తిట్టిపోసినవాళ్లున్నారు. మేం తిట్టం. ముందే ఊళ్లో కూర్చుని, మునక ఎంతో, పరిహారం ఎంతో తేల్చుకుని, ఉన్నదున్నట్టు రాసి అనుమతి అడిగుంటే మహా అయితే కొంత ఆలస్యమయ్యేది. అడ్డదారి తొక్కి అసలుకే ఎసరు పెట్టారు.

బేరం చేతగాకపోవడం మనకు కొత్త కాదు. 1937 నవంబర్ 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నాం. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకు, నెల్లూరుకు ముందు వాటా అన్నారు. ఎన్ని టీఎంసీలు? రాయలేదు. ఇవ్వకపోతే ఏ గడప తొక్కాలి? అదీ రాయలేదు. పెద్దమనుషుల మాట కదా అని నమ్మాం. అదే మద్రాసు నగరం మాటేమిటి? 1976లో మూడు రాష్ట్రాల నుంచి తలా 5 చొప్పున 15 టీఎంసీలు రాయించుకుంది. 1983లో తెలుగుగంగ ఒప్పందం చేసుకుని ఖర్చులో వాటా పెట్టింది. అక్కడ అంకె ఉంది, సంతకం ఉంది, డబ్బుంది. మన హంద్రీ-నీవాకు 40 టీఎంసీలన్నారు. అవి వరద నీళ్లు! 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో దాని పేరుంది, నికర జలాల కేటాయింపు మాత్రం లేదు. కుప్పం కాలువకు 2024లో ఒక ముఖ్యమంత్రి నీళ్లు వదిలారు, 2025లో ఇంకో ముఖ్యమంత్రి హారతి ఇచ్చారు.

ప్రభుత్వాలకు మాట్లాడే చేవ లేదా? అమరావతి అప్పు నుంచి 2019లో తప్పుకున్న ప్రపంచబ్యాంకుతోనే 2024 డిసెంబర్‌లో 80 కోట్ల డాలర్లు మంజూరు చేయించుకున్నారు. ఆ పట్టుదల సీమ నీళ్ల దగ్గర కనిపించదు.

నదీజలాల ట్రిబ్యునల్ ముందు కక్షిదారుగా నిలబడేది రాష్ట్రమే, జిల్లా కాదు. మనకు రాష్ట్రం కావాలనడానికి ఈ ఒక్క కారణం చాలు. కానీ ఆ కుర్చీలో కూర్చునే రోజుకి మన దగ్గర లెక్క తెలిసిన ఇంజనీర్లు, లాయర్లు ఉండాలి కదా. విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా, ఆవులపల్లితోనే మొదలుపెడదాం. సమాచార హక్కు కింద ప్రాజెక్టు నివేదిక తీసుకుని, తెలుగులో రాసి, సోమల రచ్చబండ మీద చదువుదాం. నీళ్లు ఎక్కడివి, ఎన్ని రోజులు, ఎవరి పొలం మునుగుతుంది, ఎకరానికి ఎంత అన్నవి ఆ ఊరివాళ్లే అడుగుతారు.