కాపలాదారు పొరపాటు

పిల్లలూ! పూర్వం పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు పొడిచేవారు. ఆ బాధ ఎటువంటిదో మీ తాతగారిని అడగండి. ఆ మందును మన దేశంలో గొర్రె మెదడుతో తయారుచేసేవారు. అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాని ఎక్కడో ఒకరికి, మందు పుచ్చుకున్న తరువాత కాళ్లు పడిపోయేవి. ఎందుచేత? తప్పు వ్యాధి క్రిమిదా, మెదడు పదార్థానిదా?

న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ అనే వైద్యుడు ఈ ప్రశ్న పట్టుకున్నాడు. ఆయనా, ష్వెంట్కర్ అనే సహచరుడూ ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ల మెదడు నుంచి తీసిన రసాన్ని 8 కోతులకు అనేకసార్లు ఎక్కించారు. అందులో క్రిమి అన్నది లేదు. అయినా 7 కోతుల మెదళ్లు దెబ్బతిన్నాయి! 1935లో ఈ సంగతి ప్రకటించారు.

దీని గుట్టు తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉంటుంది గదా! అలాగే మన నరాలకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. రక్తంలోని తెల్లకణాలు మనకు కాపలాదారులు. పరాయి మెదడును శత్రువుగా ఎంచిన ఆ కణాలు, అదే పోలిక గల సొంత మైలిన్‌ను కూడా పాడుచేశాయి.

మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బులో ఇటువంటి పొరపాటే, ఏ మందూ ఎక్కించకుండానే జరుగుతుంది. తొడుగు చెడిన నరం వార్తను సరిగా చేరవేయలేదు. చూపు మసకబారుతుంది, నడక తడబడుతుంది. ఇది అంటువ్యాధి కాదు. పూర్తిగా నయంచేసే మందు ఇంకా లేదు గాని, ఆ కణాలను అదుపులో పెట్టే మందులు వచ్చాయి. వాటిలో కొన్నింటిని మొదట పరీక్షించింది రివర్స్ చూపిన దారినే.

ఇప్పటి కుక్కకాటు మందులో మెదడు పదార్థం లేదు, చేతికే ఇస్తారు. కనుక కుక్క కరిస్తే భయపడి దాచకండి. గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, వెంటనే పెద్దలకు చెప్పండి సుమా!