పర్సు కాదు, కాగితం జాగ్రత్త

ఈసారి వ్యాకరణం గురించి రాయడం లేదు. నాకు కోపం వచ్చింది, దాని గురించి రాస్తున్నాను. నా తెలుగు నేను సొంతంగా నేర్చుకున్నది. కాబట్టి వాక్యాలు చిన్నగా ఉంటాయి, కోపం మాత్రం పెద్దదే.

పోయిన చలికాలం బహ్రెయిన్ వెళ్ళాను. మా బాబాయి, పిన్ని చాలా ఏళ్లుగా మనామాలో ఉంటున్నారు. న్యూజెర్సీలో నేను బయల్దేరుతున్నానని తెలియగానే అందరూ జాగ్రత్తలు చెప్పారు. పాస్‌పోర్టు నడుముకి కట్టుకో. రెండు పర్సులు పెట్టుకో, ఒకటి దొంగకి ఇవ్వడానికి. చీకటి పడితే బయటికి వెళ్ళకు. ముక్కూ మొహం తెలియని వాళ్లతో మాట్లాడకు. నేను తెలుగు నేర్చుకున్న పుస్తకంలో కూడా "ప్రయాణం" అనే పాఠం ఉంది. అందులో "దొంగ! దొంగ!", "నా పర్సు పోయింది", "పోలీస్ స్టేషన్ ఎక్కడ?" అని మూడు వాక్యాలు. మూడూ బట్టీ పట్టాను.

మొదటి రాత్రి పదకొండింటికి బాబాయి నన్ను బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గరికి తీసుకెళ్లారు. పాత బజారుకి అది ద్వారం. చిన్నపిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు. ఆడవాళ్లు ఒంటరిగా నడుస్తున్నారు. నేను నడుముకి కట్టుకున్న సంచిని తడుముకుంటూ నడిచాను. బాబాయి చూసి నవ్వారు. "అమ్మలూ, ఇక్కడ నీ జేబు ఎవరూ కొట్టరే. ఇక్కడ దోపిడీ జేబులో జరగదు," అన్నారు.

ఎక్కడ జరుగుతుందో నాకు ఆ శుక్రవారం తెలిసింది.

శుక్రవారం అక్కడ సెలవు. పాత మనామాలో ఒక కృష్ణుడి గుడి ఉంది. సింధ్ నుంచి వచ్చిన వ్యాపారులు కట్టారు, 200 ఏళ్ల నాటిది. గుడి బయట నిలబడితే నాకు నాలుగు వైపులా తెలుగు వినపడింది. ఎంత సంతోషం వేసిందో! పిన్ని లోపల ఉంది. నేను ఒకావిడతో మాటలు కలిపాను. ఆవిడది రాజోలు వైపు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు కూడా కోనసీమే. ఒక ఇంట్లో పని చేస్తోందట. కాసేపటికి సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"పాపా, నీకు ఇంగ్లీషు వచ్చు గదా, ఇందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పమ్మా. సంతకం పెట్టమంటే పెట్టేశాను. టిక్కెట్టు కోసం అన్నారు."

పైన అరబిక్, కింద ఇంగ్లీషు. ఐదు వరుసలు. పది సెకన్లలో నాకు అర్థమైంది. తన జీతం అంతా ముట్టిందని, యజమాని తనకి ఇంకేమీ ఇవ్వాల్సింది లేదని ఆవిడ ఒప్పుకున్నట్టు ఆ కాగితం. "నాలుగు నెలల జీతం రావాలమ్మా" అని ఆవిడ అంతకుముందే నాతో అంది.

ఇప్పుడు తెలుగులో చెప్పాలి. "బకాయి" అనే మాట నాకు తెలియదు. "ముట్టింది" అనే మాట తెలియదు. కంగారులో నా నోట్లోంచి వచ్చిన వాక్యం ఇది: "అక్కా, మీ జీతం అంతా వస్తుంది అని రాశారు."

వస్తుంది. వచ్చేసింది అనాల్సిన చోట వస్తుంది అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నా బుగ్గ నిమిరి, "చల్లగా ఉండు తల్లీ" అని వెళ్లిపోయింది.

కారులో ఈ కథంతా బాబాయికి గర్వంగా చెప్పాను. ఆయన బండి ఆపి నన్ను మళ్లీ అడిగారు. వెనక్కి తిప్పారు. ఆవిడ లేదు. తర్వాత రెండు శుక్రవారాలు ఆ గుడి దగ్గర నిలబడ్డాను. కనపడలేదు.

అందుకే నేను అనేది ఇది. మనకి ఇచ్చే "ప్రయాణ జాగ్రత్తలు" తప్పు మనిషిని చూసి భయపడమంటాయి. నిజంగా వీధి నేరాలు ఎక్కువ ఉన్న ఊళ్లో అవి పనికొస్తాయి, కాదనను. కానీ గల్ఫ్‌కి వెళ్లే తెలుగువాళ్లని దోచేది చీకటి సందులో కత్తి పట్టుకున్న దొంగ కాదు. కాగితం పట్టుకుని, ముందు గదిలో కూర్చుని, మనం ఇచ్చిన టీ తాగే మనిషి. అతను చాలాసార్లు మన ఊరివాడే. "మా చుట్టాలబ్బాయే తీసుకొచ్చాడు" అని ఆవిడ కూడా అంది.

ఈ దోపిడీ ఎలా జరుగుతుందో నెమ్మదిగా చెప్తాను. పదో తరగతి పాస్ కాని వాళ్ల ఇండియన్ పాస్‌పోర్టుకి ఈసీఆర్ అని ఒక షరతు ఉంటుంది. వాళ్లు బహ్రెయిన్ లాంటి కొన్ని దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలి. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. అనుమతితో వెళ్తే 10 లక్షల బీమా కూడా ఉంటుంది. ఇవన్నీ తప్పించుకోవడానికి ఊరి ఏజెంటు దగ్గర ఒక సులువైన దారి ఉంది. విజిట్ వీసా. చుట్టాన్ని చూడటానికి వెళ్తున్నట్టు పంపిస్తాడు. అలా వెళ్లిన మనిషికి అనుమతి లేదు, బీమా లేదు, చేతిలో ఒప్పందం లేదు.

ఇంకొకటి "ఫ్రీ వీసా". కొందరు "ఆజాద్ వీసా" అంటారు. ఫ్రీ అంటే ఉచితం, ఆజాద్ అంటే స్వేచ్ఛ. రెండూ అబద్ధాలే. దానికి లక్షలు పోయాలి. కాగితం మీద ఒక యజమాని ఉంటాడు, పని ఉండదు. "ఎక్కడైనా చేసుకో" అని అమ్ముతారు. వేరేచోట పని చేస్తూ దొరికితే మాత్రం శిక్ష పనివాడికే. అలా కాగితాలు లేకుండా మిగిలిపోయిన వాళ్లని గల్ఫ్‌లో మన తెలంగాణ కార్మికులు "ఖల్లివెల్లి" అంటారు. అరబిక్‌లో దాని అర్థం "పోనీలే, వదిలెయ్". మనిషికి పెట్టే పేరా అది?

"బహ్రెయిన్ అంత చెడ్డది కాదు కదా" అంటారు కొందరు. నిజమే, నేను బహ్రెయిన్‌ని తిట్టడం లేదు. యజమాని ఒప్పుకోకపోయినా ఉద్యోగం మారే వీలు 2009లోనే ఇచ్చారు. 2011లో, ముందు ఒక ఏడాది పని చేయాలని షరతు పెట్టారు. మనుషుల అక్రమ రవాణాపై అమెరికా ఇచ్చే నివేదికలో 2018లో బహ్రెయిన్ మొదటి వరుసలోకి వచ్చింది. యజమాని బలవంతంగా పాస్‌పోర్టు దాచుకోవడం అక్కడ కూడా చట్టవిరుద్ధమే. కానీ 2012 కార్మిక చట్టం ఇంటి పనివాళ్లకి కొన్ని హక్కులే ఇచ్చింది, అన్నీ ఇవ్వలేదు. పైగా చట్టం చదవలేని భాషలో ఉంటే, అది ఉన్నా మనిషికి అందదు.

"అది కూలీల సమస్య, మనం టూరిస్టులం కదా" అంటారు ఇంకొందరు. ఈ మాటకే నాకు ఎక్కువ కోపం. ఆవిడ కూడా విమానం ఎక్కే వచ్చింది. నా అమెరికా పాస్‌పోర్టుకి ఎయిర్‌పోర్టులోనే వీసా ఇచ్చారు, ఎవరూ దాన్ని లాక్కోలేదు. మా ఇద్దరి అమ్మమ్మల ఊళ్ల మధ్య పట్టుమని పాతిక కిలోమీటర్లు లేవు. భయపడమని నాకు నేర్పారు. భయపడాల్సిన ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇది జాగ్రత్తా?

మనం, అంటే ఇది చదువుతున్న మీరూ నేనూ, రెండు భాషల మధ్య నిలబడి ఉన్నాం. "మన సంస్కృతి కోసం" తెలుగు నేర్చుకుంటున్నాం అంటాం. పండుగల పేర్లు వచ్చు, పచ్చళ్ల పేర్లు వచ్చు. మామిడికాయకి నాకు ఎన్నో మాటలు వచ్చు, జీతానికి ఒక్కటే వచ్చు. మన పాఠాల్లో ఉన్న తెలుగువాళ్లు ఎప్పుడూ సంతకం పెట్టరు, అప్పు చేయరు, మోసపోరు. ఆ పాఠాలు రాసిన వాళ్లని అడుగుతున్నాను: ఇది ఏ ఊరి తెలుగు?

కాబట్టి ఈ వారం ఈ మాటలు నేర్చుకుందాం. ఒప్పందం: ఇద్దరూ సంతకం పెట్టే కాగితం. బకాయి: రావాల్సి ఉండి ఇంకా చేతికి రాని డబ్బు. ముట్టింది: డబ్బు నిజంగా చేతికి వచ్చింది. రసీదు: డబ్బు ఇచ్చినందుకు రుజువు. గడువు: ఆఖరి తేదీ. వేలిముద్ర: సంతకం రాని వాళ్లు పెట్టేది, సంతకం అంత బరువైనది. ఫిర్యాదు: అధికారికి చెప్పుకునే అన్యాయం.

వాక్యాలు కూడా. "చదివించుకోకుండా సంతకం పెట్టకండి." "పాస్‌పోర్టు, సీపీఆర్ కార్డు ఫోటోలు తీసి ఇంటికి పంపండి." సీపీఆర్ అంటే బహ్రెయిన్ గుర్తింపు కార్డు. "పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, యజమానిది కాదు." "ఎంబసీ ఓపెన్ హౌస్‌కి వెళ్లి చెప్పుకోండి." "అక్కడి కార్మిక మార్కెట్ నియంత్రణ సంస్థ ఎల్‌ఎంఆర్‌ఏలో ఫిర్యాదు చేయండి." "ఆపద వస్తే 999కి ఫోన్ చేయండి."

ఇంకొక వాక్యం నా కోసం రాసుకున్నాను. ఎవరైనా కాగితం చూపించినప్పుడు తెలుగు మాట గుర్తు రాకపోతే, ఊహించి చెప్పకూడదు. "ఆగండి అక్కా, నాకు సరిగ్గా చెప్పడం రావడం లేదు, మా బాబాయిని పిలుస్తాను" అనాలి. ఆ రోజు బాబాయి వంద అడుగుల దూరంలో ఉన్నారు. పిలవడానికి నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆవిడ అప్పుడే "నీ తెలుగు భలే బాగుంది" అంది.

పై వాక్యాల్లో తప్పులుంటే దిద్దండి. ముఖ్యంగా భూతకాలం.