రాడ్లు మారిస్తే బండి లేస్తుందా?

"అన్నా, ఎయిర్ సస్పెన్షన్ బండికి రాడ్లు మారిస్తే రెండంగుళాలు లేస్తుందట, నిజమేనా?" ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌ల్లో సగం ఇదే ప్రశ్న. నిజమే, లేస్తుంది. ఎలా లేస్తుందో తెలిస్తే మాత్రం కాస్త ఆగుతారు.

ఎయిర్ సస్పెన్షన్ మనకేం కొత్త కాదు. వోల్వో బస్సులో విజయవాడ వెళ్తూ హాయిగా నిద్రపోతాం చూడండి, అందులో సగం పుణ్యం దానిదే. స్టీలు స్ప్రింగుల చోట గాలి నింపిన రబ్బరు సంచులు, వాటికి గాలి కొట్టే కంప్రెసర్. రేంజ్ రోవర్‌లోకి ఇది 1992లోనే వచ్చేసింది. ఇప్పటి డిఫెండర్‌లో బటన్ నొక్కితే బండి 75 మి.మీ. పైకి లేస్తుంది. కింద రాయి తగిలి ఇరుక్కుంటే ఇంకో 70 మి.మీ. లేస్తుంది.

అదీ చాలదనే వాళ్లకే ఈ రాడ్లు. చక్రం దగ్గర బండి ఎత్తు కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని సస్పెన్షన్‌కి కలిపే చిన్న లింకు పొడవు మారిస్తే, బండి కిందికి కుంగిందనుకుని కంప్యూటర్ గాలి కొట్టేస్తుంది. పాపం, దాని లెక్కలో బండి నార్మల్ ఎత్తులోనే ఉంది! అందుకే హైవే మీద 100లో పోతున్నా ఆ అదనపు ఎత్తు తగ్గదు. మలుపులో బండి ఊగుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొడతాయి. చక్రం కిందికి సాగే జాగా ముందే అయిపోయి ఉంటుంది కాబట్టి గుంటలో పడ్డప్పుడల్లా దబ్‌మని చప్పుడు. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు వంకరగా తిరిగి త్వరగా అరిగిపోతాయి.

ఇవన్నీ డబ్బుతో పోయేవి. నన్ను భయపెట్టేది వేరు. యూట్యూబ్ చూసి ఇంటి ముందే రాడ్లు మార్చేస్తున్నారు కుర్రాళ్లు. సెన్సర్ లింకు ఊడదీయగానే కంప్యూటర్‌కి తప్పు లెక్క వెళ్తుంది. బండి మరీ ఎత్తులో ఉందనుకుని గాలి వదిలేసిందంటే రెండు టన్నుల బరువు కిందికి దిగుతుంది. అప్పుడు మీ తల చక్రం పైన ఆర్చ్‌లో ఉంటే? జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా ఎయిర్ సస్పెన్షన్ బండి కిందికి ఎవరూ దూరొద్దు, మెకానిక్ అయినా సరే.

చట్టం సంగతీ చెప్పేస్తా. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు వెతికేది ఇలాంటివే.

నేనైతే రాడ్ల డబ్బు మంచి ఆల్ టెరైన్ టైర్లకి పెడతా. ఇక సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి బండి కొనేవాళ్లు రాత్రి ఒకచోట నిలబెట్టి పొద్దున్నే వెళ్లి చూడండి. ఒక మూల కుంగిందంటే గాలి లీకవుతున్నట్టే. సబ్బు నీళ్లు కొట్టండి, బుడగలొచ్చిన చోటు పట్టుకోండి. ఆ లీకుతోనే తిప్పితే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. కాబట్టి బేరం మొదలుపెట్టాల్సింది కూడా అక్కడి నుంచే.