పతకముల వెనుక పాఠశాల

2024లో పారిస్ నగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలలో భారత క్రీడాకారులు 7 స్వర్ణములతో సహా 29 పతకములు గెలుచుకొనిరి. 2016లో రియో నుండి తెచ్చినవి 4 మాత్రమే. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో 19. ఎనిమిదేండ్లలో ఇంతటి వృద్ధి సామాన్యము కాదు. అయినను ఈ సంఖ్యలను చూచి, దేశములోని వికలాంగులందరకు క్రీడలు అందుబాటులోనికి వచ్చినవని తలచుట తొందరపాటగును.

ఈ క్రీడల బాధ్యతను మన దేశమున వహించుచున్నది 1992లో ఏర్పడిన భారత పారాలింపిక్ కమిటీ. దాని నడక ఒడుదుడుకులు లేనిది కాదు. అంతఃకలహములు ముదిరిన కారణమున 2015లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ దాని సభ్యత్వమును నిలిపివేసి, 2016లో పునరుద్ధరించినది. కలహించినవారు నిర్వాహకులు; దిక్కుతోచక నిలిచినవారు క్రీడాకారులు. ఆ తరువాత 2020లో దీపా మలిక్, 2024లో దేవేంద్ర ఝఝారియా అధ్యక్షపదవికి ఎన్నికైరి. ఇరువురును పారాలింపిక్ పతకములు గెలిచినవారే. ఆట తెలిసినవారికి అధికారము దక్కుట శుభసూచకము.

అయితే ఎంతటి సమర్థమైన కమిటీయైనను తన కంటబడిన క్రీడాకారునికే శిక్షణ నీయగలదు. కంటబడనివానిని వెదకి తీయవలసినది బడి. ఇందుకు వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవాంజి దీప్తియే నిదర్శనము. ఆమెది కూలిపనులతో బ్రతుకు కుటుంబము. మేధోవైకల్యముగల ఆ బాలికను ఊరివారు హేళన చేసిరి. ఆమె పరుగులోని వేగమును మొదట గుర్తించినవాడు బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. 2024లో ఆమె కోబే ప్రపంచ పోటీలలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో ముగించి స్వర్ణమును, పారిస్‌లో కాంస్యమును గెలిచినది.

వికలాంగులకు క్రీడలలో పాల్గొను అవకాశమును కల్పించుట ప్రభుత్వముల విధి యని 2016నాటి హక్కుల చట్టము చెప్పుచున్నది. కాని చాల బడులలో వ్యాయామపు గంట మ్రోగగానే, కాలు సరిగా లేని పిల్లవానికి తోటివారి పుస్తకముల సంచులకు కాపలాయుండు పనియే దక్కుచున్నది. కూర్చుండి ఇనుపగుండు విసరుటకు కదలని గట్టి పీట యొకటి చాలును. చూపులేని పిల్లవాడు పరుగెత్తుటకు, చేతులను కలిపిన చిన్న త్రాడుతో ప్రక్కనే పరుగెత్తు స్నేహితుడొకడు చాలును. పారాలింపిక్ క్రీడలలో పాటించునవి ఈ పద్ధతులే. కమిటీ వీనిని వ్యాయామోపాధ్యాయులకు నేర్పి, బడులు ఆచరణలో పెట్టినచో, సంచుల కాపలా తప్పిన ఆ పిల్లలలో ఎందరు పతకములు తెత్తురన్నది తరువాతి మాట. ముందు వారు ఆడుకొందురు.